బోర్డు మీద మొదటి పేరు

మార్చి నెలాఖరు, మధ్యాహ్నం. వంటింటి బల్లకి ఈ పక్క ఆర్డిస్ సుంద్‌గార్డ్, ఆ పక్క ఆవిడ భర్తతో కలిసి ఏళ్ళ తరబడి అకౌంటెంట్ల ఆఫీసు నడిపిన వెర్నన్ పెల్టోలా. వచ్చి చాలాసేపైంది, వచ్చిన పని మాత్రం పెదవి దాటి బయటికి రావడం లేదు.

"లెమన్ బార్ మిఠాయి వద్దంటున్నావా? నువ్వా? ఒంట్లో బాగుందా వెర్నన్?"

"బాగానే ఉంది. తినబుద్ధి కావడం లేదు, అంతే."

"మొహం చూడు, సున్నం కొట్టినట్టుంది. పన్నుల కాలం వస్తే నీకు తిండీ ఉండదు, నిద్రా ఉండదు."

"అదీ ఉందిలే. ఆర్డిస్, నేనొచ్చింది ఒక మాట అడుగుదామని. ఒక్క మాట."

"ఇందాకట్నుంచీ అదే అంటున్నావు. అడగవేం?"

"ఆఫీసు బోర్డు గురించి."

"గాలికి మళ్ళీ ఊడిపోయిందా?"

"ఊడలేదు. బోర్డు బాగానే ఉంది. దాని మీద పేరు గురించి."

"నీ పేరా?"

"నాది కాదు. మొదటి పేరు."

"ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని నిన్ను అడిగానా లేదా?"

"అడిగావు. ఎత్తకుండా మాట్లాడదామంటే ఎలా చెప్పు? ఆఫీసు పేరే అది. సుంద్‌గార్డ్ అండ్ పెల్టోలా, ప్రొఫెషనల్ కార్పొరేషన్. రాజధానిలో లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. పేరులో ఉన్న మనుషుల సంగతి ఈ నెలలోపు తేల్చి చెప్పాలట."

"సంగతంటే?"

"ఉన్నారా, లేరా అని. అకౌంటెంట్ల కార్పొరేషన్‌కి బట్టల కొట్టుకి పెట్టుకున్నట్టు ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోనివ్వరు ఆర్డిస్. పేరులో ఎవరున్నారో వాళ్ళు లైసెన్సుండి వాటాదారులై ఉండాలి. లేదా రిటైరై ఉండాలి. లేదా చనిపోయి ఉండాలి. మూడింట్లో ఒకటి చెప్పాలి."

"నాలుగోది లేదా?"

"నాలుగోదేమిటి?"

"తెలీదు అని."

"లేదు. మనిషున్నాడో లేడో తెలీకుండా అతని పేరు పెట్టుకుని కూర్చోవడం జనాన్ని మోసం చేయడమేనట. ఇద్దరి పేర్లు చూసి లోపలికొస్తారు, లోపల చూస్తే ఒక్కడే. అది అబద్ధమే కదా అంది."

"అబద్ధమే కదా మరి."

"అబద్ధమే. నేనేమీ వాదించలేదు."

"మరి చనిపోయినవాళ్ళ పేరైతే ఫర్వాలేదా?"

"నిక్షేపంగా ఉంచుకోవచ్చు. తాతల పేర్లతో నడుస్తున్న ఆఫీసులు ఊరికొకటి ఉంటాయి. పోయినవాడి పేరుకి ఏ ఇబ్బందీ లేదు. పోయాడని తేల్చి చెప్పాలి, అంతే."

"అయితే పోయాడని రాయి."

"అంత తేలిగ్గా—"

"రాసెయ్యి వెర్నన్. చర్చిలో ప్రార్థన పెట్టాం. ఊరంతా వచ్చింది. కింద హాల్లో భోజనాలు పెట్టారు, ఎవరికి తోచిన వంటకం వాళ్ళు చేసుకొచ్చారు. నువ్వు లేచి మాట్లాడావు కూడా. మాట్లాడుతూ మాట్లాడుతూ వెక్కివెక్కి ఏడ్చావు. ఇప్పుడు పోయాడని రాయడానికి నీకేం వచ్చింది?"

"మనిషి దొరకలేదు ఆర్డిస్."

"సరస్సు మంచు కింద ట్రక్కు దొరికింది."

"ట్రక్కు దొరికింది, మనిషి దొరకలేదు. కోర్టుకెళ్ళి అడిగితే చనిపోయినట్టు ఉత్తర్వు ఇస్తారని షెరిఫ్ నీకు అప్పుడే చెప్పాడు. నువ్వు వెళ్ళలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళలేదు."

"వెళ్ళాలనిపించలేదు."

"ఎందుకని?"

"అక్కడ బైబిల్ మీద చెయ్యేయిస్తారు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటారు. నాకిష్టం లేదు. వదిలెయ్యి."

"సరే, వదిలేశాను."

"రిటైరయ్యాడని రాయి పోనీ."

"రిటైరైతే వాడి సంతకం కావాలి."

"అయితే ఆ పేరే పీకి పారెయ్యి. నీ ఒక్కడి పేరు పెట్టుకో. పెల్టోలా అండ్ కంపెనీ అని పెట్టుకో."

"కంపెనీ అనకూడదు. అనాలంటే లైసెన్సున్న రెండోవాడు ఉండాలి. నేనొక్కణ్ణే కంపెనీ ఎలా అవుతాను?"

"ఒక్కడివే అయితే ఒక్కడివే. పెల్టోలా. చాలదా?"

"చాలు. చాలు గానీ ముప్పై ఏళ్ళు ఆర్డిస్. వాడి తర్వాతే నా పేరు. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాణ్ణి, నన్ను చేయిపట్టుకుని కూర్చోబెట్టాడు. వాడి పేరు నా చేత్తో తీసేయాలంటే ప్రాణం ఒప్పడం లేదు."

"ఇన్నేళ్ళూ ఏం చెప్పావు మరి? ప్రతి ఏడూ అడిగే ఉంటారు కదా. ఏం చెప్పావు?"

"అదే చెబుదామని వచ్చాను. అదొకటి."

"ఇంకోటి కూడా ఉందా?"

"ముందు ఇది విను. మొదటిది చెప్పాను."

"మొదటిదంటే?"

"ఉన్నాడని."

"ఎవరున్నాడని?"

"మీ ఆయన లైల్. లైసెన్సుతో, వాటాతో, ఆఫీసులో ఉన్నాడని."

"వెర్నన్, ఏం మాట్లాడుతున్నావు నువ్వు?"

"జనవరిలో ఇద్దరి లైసెన్సులూ ఒకేసారి కట్టడం మా అలవాటు. వాడు పోయిన మొదటేడు నాది ఒక్కటే కడదామని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. మంచులోంచి ఏదో ఒక రోజు లేచొస్తాడనుకున్నానో ఏమో, రెండూ కట్టేశాను. వచ్చే ఏడు ఆపొచ్చులే అనుకున్నాను. మరుసటేడు ఆపితే, కిందటేడు ఎందుకు కట్టావని అడుగుతారు కదా. మళ్ళీ కట్టాను."

"కడితే సరిపోతుందా? లైసెన్సు నిలవాలంటే ఏటా క్లాసులు వినాలి కదా మీరు. శీతాకాలంలో ఇద్దరూ డులూత్ వెళ్ళి హోటల్లో కూర్చుని వినేవాళ్ళు."

"ఇప్పుడు కంప్యూటర్లోనే వింటాం. నావి నేను విన్నాను. తర్వాత వాడివీ నేనే విన్నాను."

"ఆయన పేరుతోనా?"

"పరీక్షలు కూడా రాశాను. నీతినియమాల క్లాసులో వాడికి నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. నవ్వకు."

"నవ్వడం లేదు వెర్నన్. నాకు చెమటలు పడుతున్నాయి."

"నాకూ పడుతున్నాయి. బయటపడిందంటే నా లైసెన్సు పీకేస్తారు. ఈ వయసులో నేనెక్కడికి పోను? అందుకే పోయాడని రాయలేను, రిటైరయ్యాడనీ రాయలేను. ఎప్పుడు పోయాడంటారు. పోయినవాడు క్లాసులెలా విన్నాడంటారు. ఉన్నాడని రాస్తేనే ఎవరికీ ఏ బాధా ఉండదు."

"అంటే రాష్ట్రం లెక్కలో ఆయన బతికే ఉన్నాడు."

"ఉన్నాడు."

"ఆ సంగతి ఎవరైనా చూసుకోవచ్చా?"

"చూసుకోవచ్చు. జనం కోసమే కదా అది. వెబ్‌సైట్‌లో పేరు కొడితే లైసెన్సుందో లేదో, ఏ ఆఫీసులో ఉన్నాడో అన్నీ వస్తాయి."

"ఎక్కణ్ణుంచైనా?"

"ఎక్కణ్ణుంచైనా."

"అయ్యో వెర్నన్. ఎంత పని చేశావు. ఎంత పని చేశావయ్యా."

"తెలుసు, తప్పే. నా లైసెన్సు—"

"నీ లైసెన్సు గంగలో కలవనీ. నేను దాని గురించి మాట్లాడడం లేదు."

"మరి దేని గురించి?"

"ఏం లేదు. పేరు తీసెయ్యి. నీకేమైనా కానీ, ముందు ఆ పేరు తీసెయ్యి."

"ఎందుకంత భయపడుతున్నావు?"

"భయం లేదు."

"సరే. ఆర్డిస్, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఉన్నాడని రాయడం అబద్ధం కాకపోతే?"

"కాకపోతే అంటే?"

"ఊరికే అంటున్నాను. నిజంగానే ఎక్కడో బతికుంటే? ఇవాళ తిరిగొస్తే? నువ్వు సంతోషపడతావా లేదా?"

"ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే. మనుషులు దెబ్బ తగిలి పేరూ ఊరూ మర్చిపోవడం విన్నాం కదా. సిగ్గుపడి మొహం చూపించలేక తిరిగేవాళ్ళున్నారు. అలాంటిదేమైనా అయి, పాపం— అరెరె. కప్పు పడేశావు. ఉండు, ఉండు, చేత్తో తీయకు. తెగిందా?"

"తెగలేదు."

"రక్తం వస్తోంది."

"రానీ. వెర్నన్, ఆ మాట మళ్ళీ అనకు. తిరిగొస్తే అన్న మాట అనకు. నా ఇంట్లో కూర్చుని అనకు."

"అనను. ఈ గుడ్డ చుట్టుకో. నాకర్థం కావడం లేదు. ఆ రోజు నువ్వు తలనొప్పి అని పడుకున్నావు, వాడొక్కడే వెళ్ళాడు. నువ్వు చేసిన తప్పేముంది ఇందులో?"

"తలనొప్పా?"

"అవును. తలనొప్పి అని పడుకున్నావు కదా."

"నేను చర్చి వంటింట్లో ఉన్నానని షెరిఫ్‌కి చెప్పాను. ఊరందరికీ అదే చెప్పాను. తలనొప్పి అని ఎవరన్నారు నీకు?"

"ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, ఊళ్ళో లక్ష అంటారు. పోనీలే. చర్చిలో ఉన్నావు, అంతేగా."

"చర్చికి తర్వాత వెళ్ళాను."

"తర్వాతంటే?"

"సరస్సు దగ్గర్నుంచి వెళ్ళాను."

"నువ్వు సరస్సు మీద ఉన్నావా ఆ రోజు?"

"ఇది నేను ఎవరికీ చెప్పలేదు వెర్నన్. మా అక్కకి కూడా చెప్పలేదు. నువ్వు ఆ పేరు ఉంచుతానని పట్టుబట్టకపోతే నీకూ చెప్పేదాన్ని కాదు."

"చెప్పు."

"అంతకు ముందు రోజు ఆయనతో అన్నాను, డులూత్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను, ఇక నా వల్ల కాదు అని."

"ఏం కాదు? లైల్ కాస్త కోపిష్టి, నిజమే, కానీ—"

"జూలై ఎండల్లో కూడా మెడకి స్కార్ఫ్ ఎందుకు కట్టుకుంటున్నావని ఏనాడైనా అడిగావా నన్ను?"

"ఫ్యాషననుకున్నాను."

"అందరూ అదే అనుకున్నారు. ఆఫీసులో నీకు కనిపించిన మనిషి వేరు. సరే, అన్నాను. అంటే చంపేస్తాడనుకున్నాను. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే లేచి తనే కాఫీ కాచి ఫ్లాస్కులో పోశాడు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే గుడిసె ఉండిపోయింది, లాక్కొచ్చేద్దాం, చివరిసారి ఇద్దరం కలిసి వెళ్దాం రా అన్నాడు. అంత ప్రేమగా పిలిచి ఎన్నేళ్ళయిందో నాకు. వెళ్ళాను."

"మార్చి నెలాఖర్లో ట్రక్కేసుకుని మంచు మీదకా? బుద్ధున్నవాడెవడూ వెళ్ళడు."

"అదే అన్నాను. మందంగానే ఉంది, పొద్దున్నే చూసొచ్చానన్నాడు. సరే, ట్రక్కు మంచు మీదకి దిగింది. దిగగానే మనం ఏం చేస్తాం వెర్నన్?"

"అద్దాలు దించుతాం. బెల్టు విప్పుతాం."

"ఎందుకు?"

"మంచు విరిగితే బయటపడడానికి. ఇది ఈ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు."

"నేనూ అలవాటుగా బెల్టు విప్పాను. పెట్టుకో అన్నాడు."

"పెట్టుకోమన్నాడా?"

"పెట్టుకో, కుదుపులకి తల తగులుతుంది అన్నాడు. అద్దం దించాను. ఎక్కించు, జలుబు చేస్తుంది అన్నాడు. ఎక్కించాను. ఎన్నేళ్ళ అలవాటు, చెప్పింది చెయ్యడం. అప్పుడు ఆయన వైపు చూశాను. ఆయన బెల్టు విప్పి ఉంది. తలుపు మూసి లేదు. మోకాలితో ఆ తలుపు కాస్త తెరిచి పట్టుకుని నడుపుతున్నాడు."

"అయ్యో."

"గుడిసె ఉన్న వైపుకి వెళ్ళడం లేదు. ఏటి నీళ్ళు వచ్చి కలుస్తాయే, ఆ వైపుకి తీసుకెళ్తున్నాడు."

"అక్కడ మంచు జనవరిలో కూడా నిలవదు."

"నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఈ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నా బెల్టు వైపు ఒకసారి చూసి చిన్నగా నవ్వాడు వెర్నన్. ఆ నవ్వు ఇవాళ్టికీ నాకు కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది. బెల్టు లాగేసి, తలుపు తోసి దూకేశాను. మోకాళ్ళు చీరుకుపోయాయి. లేచి ఒడ్డుకేసి నడిచాను. పరుగెడితే విరుగుతుందేమోనని నడిచాను. వెనక నుంచి పిలిచాడు. ఆర్డిస్, ఆర్డిస్ అని. తిట్టలేదు. పిల్లిని పిలిచినట్టు ముద్దుగా పిలిచాడు."

"తర్వాత?"

"తర్వాత పెద్ద చప్పుడైంది."

"నువ్వు తిరిగి చూశావా?"

"లేదు. అరవలేదు, ఎవర్నీ పిలవలేదు. చర్చికెళ్ళి మోకాళ్ళు కడుక్కుని బంగాళాదుంపలు తరిగాను. సాయంత్రం దాకా తరిగాను. ఇక చూసుకో, నేనేం మనిషినో."

"నిన్నెవరూ తప్పు పట్టరు."

"నాకు దాని గురించి బాధ లేదు. మూడో రోజు ట్రక్కు పైకి లాగినప్పుడు ఒడ్డున నిలబడి చూశాను. ఆయన తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. వాడు చావలేదు వెర్నన్. నేను దూకిన వైపు కాకుండా అటు ఒడ్డున తేలి ఉంటాడు. చచ్చాడని కోర్టులో చెయ్యేసి ఎలా చెప్పమంటావు? చెబితే నా నోటితో నేనే షెరిఫ్‌ని వెతకడం ఆపెయ్యమన్నట్టు."

"మరి బతికుంటే ఇన్నేళ్ళు ఎందుకు రాలేదు?"

"నేను చెప్పేశాననుకున్నాడు. ఒడ్డెక్కగానే నేను షెరిఫ్ దగ్గరికి పరుగెత్తి ఉంటాననుకున్నాడు. పోలీసులు వెతుకుతున్నారనుకుని ఎక్కడో నక్కి ఉంటాడు. ఆ భయమొక్కటే వాణ్ణి అక్కడ ఆపింది. ఇప్పుడు వాడు చూసుకుంటే ఏముంది? లైసెన్సు ఎవరూ రద్దు చెయ్యలేదు. ఏటేటా ఎవరో కడుతున్నారు. బోర్డు మీద మొదటి పేరు అలాగే ఉంది. అంటే ఏమిటి అర్థం? ఆర్డిస్ నోరు విప్పలేదు, ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలీదు, హాయిగా ఇంటికి పోవచ్చు అని. నేను నోరు మూసుకుని సగం పిలిచాను, మిగతా సగం నువ్వు పిలిచావు."

"నాకు ఇలా చెప్పలేదు."

"ఎవరు?"

"నువ్వే. ఇన్నేళ్ళూ నాకు ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే నమ్మేవాడివా? ఏడ్చావు కదా చర్చిలో."

"నమ్మేవాణ్ణి కాదేమో. ఇప్పుడు నమ్ముతున్నాను. బెల్టు పెట్టుకోమన్నాడు చూడు, అక్కడ నమ్మాను."

"అయితే ఆ పేరు తీసేస్తావా?"

"తీసేస్తాను."

"ఉన్నాడని రాయవు."

"రాయను. రాజధానికి ఫోన్ చేసి నేను చేసిందంతా చెప్పేస్తాను. లైసెన్సు పోతే పోనీ."

"మాట ఇచ్చినట్టేనా?"

"ఇచ్చాను. ఆర్డిస్, గొంతు తగ్గించు."

"ఎందుకు?"

"తగ్గించు, చెబుతాను. ఏడవకు. నా మొహం చూస్తూ మామూలుగా మాట్లాడు. పక్కింటి మిరియం ఇంట్లో ఉందా?"

"ఉంటుంది. ఎందుకూ?"

"వెనక గుమ్మంలోంచి వాళ్ళింటికి వెళ్ళు. వెళ్ళి తలుపేసుకుని షెరిఫ్‌కి ఫోన్ చేయండి. నాకు చెప్పింది చెప్పినట్టు ఆయనకి చెప్పు. బూట్లు వేసుకో, తొందరగా."

"షెరిఫ్ దగ్గరికే వెళ్దాం పద. నీ కారులో వెళ్దాం, నువ్వు పక్కనుంటే చెప్పగలను."

"కారులో వద్దు."

"ఎందుకొద్దు? వెర్నన్, నా వంక చూసి చెప్పు. కారులో ఎందుకొద్దు?"

"పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి తన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆర్డిస్ గుండె ఆగిపోతుంది, ముందు నువ్వెళ్ళి మెల్లగా చెప్పు, నేను కారులో కూర్చుంటానన్నాడు."